స్టవ్ మీద బేకన్ వేయించడం: చల్లటి పాన్‌తో మొదలుపెట్టి కరకరలాడే దాకా

బేకన్ (ఉప్పు పట్టించి నిల్వచేసిన పంది మాంసపు స్లైసులు) వేయిస్తుంటే కొవ్వు మెత్తగా రబ్బరులా ఉండిపోయి అంచులు మాడుతున్నాయని కొందరు, ముక్కలు ముడుచుకుపోతున్నాయని కొందరు, స్టవ్ చుట్టూ నూనె చింది కడగలేక చస్తున్నామని కొందరు అడుగుతూనే ఉన్నారు. ఈ మూడు ఇబ్బందులకూ కారణం చాలావరకు ఒక్కటే. కొవ్వు కరిగేలోపే మాంసం వేగిపోతోంది.

బేకన్‌లో మీరు వండేది ముఖ్యంగా కొవ్వును. దాన్ని ముందు నిదానంగా కరిగించాలి, ఆ తర్వాతే రంగు రానివ్వాలి. కింద చెప్పినవన్నీ ఈ వరుస తప్పకుండా చూసుకోవడానికే.

## 1. ముందు ప్యాకెట్టు చదవండి

బేకన్ అని రాసి ఉన్నవన్నీ ఒకేలా వేగవు. పొట్ట భాగం నుంచి తీసిన బేకన్‌లో కొవ్వు చారలు చారలుగా, దాదాపు మాంసంతో సమానంగా కనిపిస్తుంది. కరకరలాడేది ఇదే. ఈ మార్గదర్శిలో చెప్పేది ప్రధానంగా దీని గురించే.

వీపు భాగం నుంచి తీసిన బ్యాక్ బేకన్‌లో మాంసం ఎక్కువ, కొవ్వు ఒక అంచునే ఉంటుంది. దానికి పాన్‌లో ఒక చెంచా నూనె కావాలి. మీడియం మంట మీద ఒక్కో వైపు 2 నుంచి 4 నిమిషాలు చాలు. ఎంత వేయించినా అది కరకరలాడదు. బలవంతం చేస్తే గట్టిపడుతుంది, అంతే. టర్కీ కోడి మాంసంతో చేసే టర్కీ బేకన్‌లోనూ కొవ్వు తక్కువే కాబట్టి దానికీ కాస్త నూనె పోయాలి.

తర్వాత మందం చూడండి. మామూలు స్లైసు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. మందపు స్లైసు దానికి రెట్టింపు. మొదటిసారి వేయించేవాళ్లు మందపాటిది తెచ్చుకోవడం మంచిది. సమయం ఎక్కువ పట్టినా, మాడిపోయే లోపు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

తేనె, మేపుల్ సిరప్, బెల్లం వంటివి పట్టించిన రకమైతే గుర్తుపెట్టుకోండి. తీపి త్వరగా మాడుతుంది. దానికి మంట ఇంకో మెట్టు తగ్గించాలి.

పొగబెట్టి అమ్మేవాటిలోనూ చాలావరకు పచ్చివే. 'వండి ఉంది, నేరుగా తినవచ్చు' అని ప్యాకెట్టు మీద లేకపోతే దాన్ని పచ్చి మాంసంగానే చూడాలి.

## 2. పాన్, మిగతా సామాను

అడుగు మందంగా, చదునుగా ఉన్న పాన్ కావాలి. బాగా వాడకంలో ఉన్న కాస్ట్ ఐరన్ పాన్‌కు మించింది లేదు. వేడిని నిలిపి ఉంచుతుంది, అంతటా పంచుతుంది, ముక్క అంటుకోదు. నాన్‌స్టిక్ కూడా పనికొస్తుంది గానీ దాన్ని ఖాళీగా పెట్టి వేడెక్కించకండి. స్టీలు పాన్‌లో మొదట ముక్క అంటుకున్నట్టు అనిపిస్తుంది. కొవ్వు దిగేదాకా కదపకుండా ఉంచితే తనంతట తానే వదులుతుంది.

అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు మాత్రం వద్దు. ముక్క మధ్యభాగం కరిగిన కొవ్వులో మునిగి, చివరలు గాలిలో ఉండిపోతాయి.

పాన్ వెడల్పు 28 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటే ఒక వాయికి ఐదారు స్లైసులు పడతాయి. అంచు కొంచెం ఎత్తుగా ఉంటే చిందడం తగ్గుతుంది.

స్టవ్ పక్కన ఇవి సిద్ధంగా పెట్టుకోండి:

- పట్టకారు. అట్లకాడతో తిప్పితే ముక్క జారి నూనెలో దబ్బున పడి చిందుతుంది.
- పాన్‌కు సరిపడా మూత. ఇది వంటకు కాదు, మంట అంటుకుంటే ఆర్పడానికి.
- టిష్యూ పేపర్ పరిచిన పళ్లెం, లేదా పళ్లెం మీద పెట్టిన వైర్ ర్యాక్.
- కరిగిన కొవ్వు పోయడానికి వేడికి తట్టుకునే, పొడిగా ఉన్న గిన్నె.
- మసిగుడ్డ. కాస్ట్ ఐరన్ పిడి కూడా కాలుతుంది.

జాలీ మూత ఉంటే వాడండి. ఆవిరి పైకి పోతుంది, నూనె చుక్కలు ఆగుతాయి. మామూలు మూత పెట్టి వేయిస్తే ఆవిరి లోపలే తిరిగి నీరై నూనెలో పడుతుంది. చిటపట ఎక్కువవుతుంది, ముక్క కూడా మెత్తబడుతుంది.

## 3. స్టవ్ వెలిగించక ముందు

ప్యాకెట్టును ఫ్రిజ్ నుంచి 10, 15 నిమిషాల ముందు తీసి పెట్టండి. గడ్డకట్టినట్టున్న కొవ్వు కొంచెం వదులై స్లైసులు చిరగకుండా విడివడతాయి. అంతకంటే ఎక్కువసేపు బయట పెట్టనక్కర్లేదు. బాగా మెత్తబడితే చేతికి జారుతుంది, అప్పుడూ చిరుగుతుంది.

ఫ్రీజర్‌లో ఉన్నదైతే ముందు రోజే ఫ్రిజ్‌లోకి మార్చండి. మంచు పేరుకున్న ముక్కను వేడి నూనెలో వేస్తే ఆ నీరంతా ఎగిరి చిందుతుంది.

బేకన్‌ను కడగకండి. కడిగితే పచ్చి మాంసపు నీళ్లు సింకు చుట్టూ చిమ్ముతాయి, ముక్క తడిసి వేగడానికి మొరాయిస్తుంది. ముక్క మీద చెమ్మ కనబడితే టిష్యూతో అద్దితే చాలు. పచ్చి బేకన్ పట్టుకున్న చేతులను మిగతావేవీ ముట్టుకోకముందే సబ్బుతో కడుక్కోవాలి.

ఉప్పు వేయవద్దు, బేకన్‌లో చాలినంత ఉంటుంది. పొట్ట భాగపు బేకన్‌కు నూనె కూడా అక్కర్లేదు.

ముక్కలు ముడుచుకోవడం మీకు పెద్ద ఇబ్బంది అయితే ఇప్పుడే ఒక పని చేయండి. కొవ్వు అంచున 3 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కత్తెరతో చిన్న గాట్లు పెట్టండి. మాంసం, కొవ్వు ఒకే తీరున కుంచించుకుపోవు. ఆ లాగుడికే ముక్క వంకర తిరుగుతుంది. గాటు పడిన చోట ఆ లాగుడు తెగిపోతుంది.

## 4. చల్లటి పాన్‌లో పేర్చడం

వంటలో చాలా వాటికి పాన్ బాగా కాలాకే వేయమంటారు. బేకన్‌కు అది పనికిరాదు. కాలిన పాన్‌లో వేసిన మరుక్షణం మాంసం బిగుసుకుని ముడుచుకుంటుంది. ముడుచుకున్న చోట పాన్ తగలదు, తగలని చోట కొవ్వు కరగదు. అక్కడే సగం ముక్క మాడి సగం పచ్చిగా మిగులుతుంది.

కాబట్టి మంట లేని, చల్లటి పాన్‌లో స్లైసులను పక్కపక్కనే చాపినట్టు పరవండి. ఒకదాని అంచు ఇంకోదానికి తగిలినా పరవాలేదు, ఐదు నిమిషాల్లో అవే కుంచించుకుని చోటిస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే మాత్రం ఒప్పుకోవద్దు. కింద పడ్డ భాగం వేగదు, ఉడుకుతుంది.

స్లైసు పాన్ కంటే పొడవుంటే మధ్యకు కోసేయండి. అంచు మీదికి ఎగబాకిన కొస ఎప్పటికీ సమంగా వేగదు.

## 5. మంట

ఇప్పుడు స్టవ్ వెలిగించి, మంటను సిమ్‌కూ మీడియంకూ మధ్యలో పెట్టండి. ఇండక్షన్‌లో 10 మెట్లుంటే 3 లేదా 4 మీద మొదలుపెట్టండి.

మొదటి మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇక్కడే చాలామంది ఓపిక పట్టలేక మంట పెంచేస్తారు. పెంచకండి. దగ్గరగా చూస్తే తెల్లగా ఉన్న కొవ్వు చారలు గాజులా పారదర్శకంగా మారుతుంటాయి, ముక్క చుట్టూ సన్నటి తడి గీత కనిపిస్తుంది. అది కొవ్వు దిగడం మొదలైన గుర్తు. ఆ గీతే కాసేపటికి పలచటి పొరై పాన్ అంతా పరుచుకుంటుంది. అక్కడినుంచి ముక్క తన కొవ్వులో తానే వేగుతుంది.

కొవ్వు దిగేకొద్దీ ముక్కలోని నీరు కూడా ఆవిరవుతుంది. నీరు ఉన్నంతసేపు ఆ చోట వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఆ నీరు పోయాకే ఉపరితలం 140 డిగ్రీలు దాటి ఎర్రబడుతుంది. మంట పెంచితే అంచుల దగ్గర నీరు ముందే ఎగిరిపోయి అవి మాడుతాయి, మధ్యలో కొవ్వు అలాగే మిగులుతుంది.

పాన్ నుంచి పొగ రావడం కనిపిస్తే మంట ఎక్కువైనట్టే. వెంటనే తగ్గించండి. కొవ్వు పొగచూరితే ముక్కకు చేదు పడుతుంది. పైగా నైట్రైట్ అనే లవణంతో నిల్వచేసిన బేకన్ లాంటి మాంసాన్ని అంత వేడిలో మాడిస్తే నైట్రోసమైన్లు అనే హానికరమైన పదార్థాలు ఎక్కువగా ఏర్పడతాయి. రుచి కోసం పాటించే నిదానమే ఇక్కడా మంచిది చేస్తుంది.

## 6. తిప్పడం, చెవి, నురగ

అడుగు వైపు లేత గోధుమ రంగుకు తిరిగి, ముక్క పాన్‌కు అంటకుండా తేలిగ్గా లేచినప్పుడు మొదటిసారి తిప్పాలి. మామూలు మందానికి ఇది 4 నుంచి 6 నిమిషాల్లో, మందపాటి దానికి 6 నుంచి 8 నిమిషాల్లో వస్తుంది. లేవకపోతే గుంజకండి, ఇంకో నిమిషం ఆగండి.

పట్టకారుతో ఒక కొస పట్టి, ముక్కను మీకు ఎదురు దిక్కుకు వాలేలా నెమ్మదిగా పడుకోబెట్టండి. చుక్క ఎగిరినా అటే పోతుంది.

ఒక్కసారే తిప్పాలన్న నియమం ఏమీ లేదు. మొదటి తిప్పు తర్వాత నిమిషానికో, నిమిషంన్నరకో ఒకసారి తిప్పుతూ ఉంటేనే సమంగా వేగుతుంది. పాన్ మధ్యలో వేడి ఎక్కువ ఉంటుంది కనుక మధ్యలో ఉన్నవాటిని అంచుకు, అంచున ఉన్నవాటిని మధ్యకు మారుస్తూ ఉండండి.

ఎప్పుడు అయిందో చెప్పేది గడియారం కాదు. ముందు చెవి చెబుతుంది. నీరు ఉన్నంతసేపు చిటపట గట్టిగా, ముతకగా వినిపిస్తుంది. నీరు తగ్గేకొద్దీ ఆ శబ్దం సన్నగిల్లి సుయ్‌మనే మోతకు దిగుతుంది. తర్వాత కన్ను చెబుతుంది. మొదట కనిపించే పెద్ద పెద్ద బుడగలు పోయి, ముక్క చుట్టూ సన్నటి తెల్లని నురగ కడుతుంది. ఆ నురగ వచ్చిందంటే ఇక నిమిషాల లెక్క కాదు, సెకన్ల లెక్క. స్టవ్ దగ్గర నుంచి కదలకండి.

రంగును మాత్రం జాగ్రత్తగా నమ్మాలి. నిల్వకు వాడే నైట్రైట్ వల్ల బేకన్ మాంసం పూర్తిగా వేగాక కూడా ఎర్రగానే ఉంటుంది. ఎరుపు ఉంది కాబట్టి పచ్చిగా ఉందని అనుకుని చాలామంది మాడ్చేస్తారు. చూడాల్సింది కొవ్వు భాగాన్ని. తెల్లగా, మెత్తగా, జెల్లీలా ఉంటే కాలేదు. బంగారు రంగుకు తిరిగి పలచబడితే అయినట్టే.

మొత్తం సమయం, చల్లటి పాన్ నుంచి లెక్కేస్తే:

- మామూలు మందం, నమిలేలా మెత్తగా: 7 నుంచి 9 నిమిషాలు
- మామూలు మందం, కరకరలాడేలా: 9 నుంచి 12 నిమిషాలు
- మందపాటిది, కరకరలాడేలా: 12 నుంచి 18 నిమిషాలు

## 7. దించడం

మీకు కావాల్సిన స్థితికి కొంచెం ముందే దించేయాలి. పాన్‌లో ఉన్నప్పుడు కరకరలాడుతున్న ముక్క బయటికొచ్చాక పెళుసై పొడిపొడి అవుతుంది. పట్టకారుతో ఎత్తినప్పుడు కొంచెం వంగుతూ, కొస మాత్రం నిలబడి ఉంటే సరైన సమయం. పళ్లెంలో రెండు నిమిషాలు ఆరితే గట్టిపడుతుంది.

పాన్ మీదే ముక్కను ఎత్తిపట్టి కొవ్వు కారనిచ్చి, ఆ తర్వాత టిష్యూ మీద పెట్టండి. వెంటనే తినేదైతే టిష్యూ చాలు. పావుగంట ఆగాలంటే వైర్ ర్యాక్ మేలు. టిష్యూ మీద కింది వైపు ఆవిరి పట్టి మెత్తబడుతుంది. మీద మూత పెట్టవద్దు.

అన్నీ ఒకేసారి అవ్వాలని చూడకండి. అయినదాన్ని అయినట్టు దించుతూ పోవాలి.

## 8. నీళ్లతో మొదలుపెట్టే పద్ధతి

చిందడం గురించి భయపడేవాళ్లకు, పలచటి స్లైసులు ఎప్పుడూ మాడిపోయేవాళ్లకు ఇది నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసే దారి. చల్లటి పాన్‌లో ముక్కలు పేర్చాక అవి మునిగీ మునగనంత నీళ్లు పోయండి. మంట పెద్దదిగా పెట్టి మరగనివ్వండి. మరుగు రాగానే మీడియంకు, నీళ్లు దాదాపు ఇంకిపోయాక సిమ్‌కు దగ్గరగా తగ్గించండి.

నీళ్లు ఉన్నంతసేపు ముక్క మాడే ప్రసక్తే లేదు, ఈలోగా కొవ్వు నిదానంగా కరిగిపోతుంది. నీళ్లు ఆవిరయ్యే ఆఖరి అరనిమిషంలో చిటపట ఒక్కసారిగా పెరుగుతుంది, అప్పుడు కాస్త దూరంగా నిలబడండి. ఆ తర్వాత మామూలుగా తిప్పుతూ వేయించడమే. మామూలు పద్ధతి కంటే నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. లోపల మెత్తగా, పైన కరకరగా వస్తుంది.

ఉప్పు మరీ ఎక్కువున్న బేకన్ అయితే, రెండు నిమిషాలు మరిగాక ఆ నీళ్లు వంపేసి, ముక్కలు తుడిచి మళ్లీ వేయించండి. కొంత ఉప్పు దిగిపోతుంది.

## 9. రెండో వాయి

పాన్ ఇప్పుడు కాలి ఉంది, కాబట్టి రెండో వాయి మొదటిదానిలా ఉండదు. స్టవ్ ఆపి, కరిగిన కొవ్వును గిన్నెలోకి వంపండి. అడుగున పలచటి పొర మాత్రం ఉంచండి. నల్లగా మాడిన పొడి ఉంటే పట్టకారుతో పట్టుకున్న టిష్యూతో తుడిచేయండి. దాన్ని వదిలేస్తే కొత్త ముక్కలకు మరకలు, చేదు అంటుకుంటాయి.

పాన్ రెండు మూడు నిమిషాలు చల్లారాక ముక్కలు పేర్చి సిమ్ మీద మొదలుపెట్టండి. ఈ వాయి త్వరగా అవుతుంది, కాబట్టి మొదటి తిప్పు కూడా ముందే ఉంటుంది.

## 10. ఏదైనా తేడా వస్తే

అంచులు మాడి, కొవ్వు మెత్తగా ఉంది. మంట ఎక్కువైంది. పాన్‌ను ఒక నిమిషం స్టవ్ మీంచి పక్కకు తీసి, సిమ్ మీద మళ్లీ పెట్టండి.

ముక్క ముడుచుకుపోయింది. తిప్పి, లేచిన చోటును పట్టకారు వెన్నుతో పది సెకన్లు నొక్కిపట్టండి. ఇంకో బరువైన చిన్న పాన్‌ను శుభ్రంగా తుడిచి మీద పెట్టినా సరే. కొవ్వు దిగడం మొదలయ్యాకే బరువు పెట్టండి, చివరి రెండు నిమిషాల్లో తీసేయండి.

నూనె విపరీతంగా చిందుతోంది. ముక్క తడిగా ఉండాలి, లేదా మంట ఎక్కువై ఉండాలి. పాన్‌లో కొవ్వు అర సెంటీమీటరు లోతు దాటినా చిందుతుంది. స్టవ్ ఆపి కొంత వంపేయండి.

పాన్‌కు అంటుకుపోతోంది. తొందరపడి కదిపారు, లేదా తీపి పట్టించిన రకం. మంట తగ్గించి ఒక నిమిషం వదిలేయండి.

దించాక మెత్తబడింది. ఆవిరి పట్టింది, లేదా నీరు పూర్తిగా పోలేదు. సిమ్ మీద మరో నిమిషం వేయించి ర్యాక్ మీద పెట్టండి.

చాలా తగ్గిపోయింది. ఇది తప్పు కాదు. కరకరలాడేలా వేయిస్తే పచ్చి బరువులో సుమారు మూడో వంతే మిగులుతుంది. ఎంతమందికో లెక్కేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

## 11. మంట అంటుకుంటే

ఇది చదివి పక్కన పెట్టకండి, వంటకు ముందే మనసులో ఉండాలి. పాన్‌లోని కొవ్వు అంటుకుంటే:

1. స్టవ్ ఆపండి.
2. మూతను పక్కనుంచి జరుపుతూ పాన్ మీద మూసేయండి.
3. పాన్ పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి, పాన్ కదపకండి.

నీళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు. మండుతున్న కొవ్వు మీద పడ్డ నీరు ఒక్కసారిగా ఆవిరై మంటను ఇంటి కప్పుదాకా ఎగరేస్తుంది. మూత దొరక్కపోతే, మంట చిన్నదైతే వంటసోడా బాగా చల్లండి. మైదా, పిండి వంటివి వేయకండి, అవి అంటుకుంటాయి. మంట ఆరకుండా పెరుగుతుంటే అందరినీ తీసుకుని బయటికి వెళ్లి, అగ్నిమాపక సిబ్బందికి ఫోన్ చేయండి.

చేతి మీద నూనె పడితే చల్లటి పంపు నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. ఐస్ కాదు, వెన్న కాదు, పేస్టు అసలే కాదు.

## 12. కరిగిన కొవ్వు

సింకులో పోయకండి. గొట్టంలో చల్లబడి గడ్డకట్టి నీళ్లను ఆపేస్తుంది. అది వృథా చేయాల్సిన వస్తువు కూడా కాదు. గుడ్లు, బంగాళాదుంపలు వేయించడానికి ఇంతకంటే రుచైన కొవ్వు తక్కువ.

గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, సన్నటి జల్లెడలోనో టిష్యూలోనో వడకట్టి, తడి లేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. అడుగున మాంసపు పొడి ఉండిపోతే త్వరగా చెడుతుంది, అందుకే వడకట్టడం. బాగా వడకడితే మూడు నెలల వరకు బాగుంటుంది. ముక్కిపోయిన వాసన వస్తే పారేయండి. పారేసేటప్పుడు గడ్డకట్టాక గీకి చెత్తబుట్టలో వేయాలి. తీపి పట్టించిన బేకన్ నుంచి వచ్చిన కొవ్వును, పొగచూరిన కొవ్వును దాచకండి.

## 13. మిగిలినవి దాచడం

తెరిచిన పచ్చి ప్యాకెట్టును గాలి తగలకుండా చుట్టి, 4 డిగ్రీలు దాటని ఫ్రిజ్‌లో వారం రోజుల్లో వాడేయండి. జిగురు, పుల్లటి వాసన, బూడిద లేదా ఆకుపచ్చ రంగు కనిపిస్తే వారం కాకపోయినా వద్దు. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు స్లైసుల మధ్య బటర్ పేపర్ వేసి చుడితే కావాల్సినన్ని ఊడదీసుకోవచ్చు. నెల లోపు వాడితే రుచి బాగుంటుంది.

వేయించినవి మూత ఉన్న డబ్బాలో నాలుగు రోజులు నిలుస్తాయి. వండాక రెండు గంటలు దాటకముందే ఫ్రిజ్‌లోకి చేరాలి. మళ్లీ వేడిచేయడానికి కూడా చల్లటి పాన్‌లోనే పెట్టి సిమ్ మీద ఒక్కో వైపు ఒక నిమిషం ఉంచండి. తర్వాత వేడిచేసి తినే ఉద్దేశం ముందే ఉంటే, మొదటిసారి ఒక నిమిషం తక్కువ వేయించి దించండి.